దక్షిణ సూడాన్‌లో మన సైనికుడి తీరిక వేళలు, ఇంటితో మాటలు: ఒక సోదరి ప్రశ్నలకు జవాబు

సోదరీ, మీ ప్రశ్నలు చదివాను. మీ వారు హవల్దారని, వారి పటాలం మరో రెండు నెలల్లో ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ విధుల మీద ఏడాదిపాటు దక్షిణ సూడాన్‌కు వెళుతోందని రాశారు. డ్యూటీ లేని వేళల్లో అక్కడ ఆయన ఎలా ఉంటారు, మీతో రోజూ మాట్లాడగలరా, ఇంటి కష్టాలు ఆయనకు చెప్పాలా దాచాలా, ఆరేళ్ళ బాబును సాగనంపడానికి రైల్వే స్టేషనుకు తీసుకువెళ్ళాలా వద్దా అని అడిగారు. నేను పదాతి దళంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేశాను. 2005-06లో నాయక్‌గా కాంగోలోని గోమాలోనూ, 2019-20లో సుబేదారుగా దక్షిణ సూడాన్‌లోని మలకాల్‌లోనూ ఇదే విధుల్లో ఉన్నాను. రెండుసార్లూ నా భార్యాబిడ్డలు మా ఊళ్ళోనే ఉన్నారు. కాబట్టి మీ ప్రశ్నలకు రెండు వైపుల నుంచీ జవాబు చెప్పగలనని అనుకుంటున్నాను.

ముందుగా ఆ దేశం సంగతి. దక్షిణ సూడాన్ 2011 జులై 9న స్వతంత్ర దేశమైంది. ఐక్యరాజ్యసమితి మిషన్ కూడా అప్పుడే మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం రాజధాని జూబాలో ఉంటుంది. మన పటాలాలు ప్రధానంగా బోర్, మలకాల్ ప్రాంతాల్లో పనిచేస్తూ వచ్చాయి. మలకాల్ తెల్ల నైలు నది ఒడ్డున ఉన్న పట్టణం. అక్కడ మన సైన్యం నడిపే ఆసుపత్రి కూడా ఉంది. నేల మన నల్లరేగడి లాంటిది. వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానాకాలంలో జీపు చక్రాలు ఇరుసు దాకా దిగబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మొదలైన వానలు అక్టోబరు దాటేవరకూ వదలవు. ఆ నెలల్లో చాలా దారులు మూసుకుపోవడంతో హెలికాప్టర్లే దిక్కవుతాయి, నదిలో పడవల మీద సరుకు వస్తుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీకు ఫోను రావడం, రాకపోవడం చాలావరకు ఆ నేల మీదా, ఆ వాన మీదా ఆధారపడి ఉంటుంది.

తీరిక వేళ అనే మాటను ఇక్కడి అర్థంలో తీసుకోకండి. ఇక్కడ కంటోన్మెంటులో డ్యూటీ ముగిస్తే ఆయన బజారుకు వెళ్ళగలరు, సైకిలెక్కి స్నేహితుడి ఇంటికి పోగలరు. అక్కడ డ్యూటీ ముగిసినా ఉండేది ముళ్ళకంచె లోపలే. నివాసం రేకు గోడల కంటైనరు గది, అందులో ముగ్గురో నలుగురో ఉంటారు. తెల్లవారుజామున లేవడం, వ్యాయామం, గస్తీ లేదా గార్డు డ్యూటీ, ఆయుధం శుభ్రం చేసుకోవడం, సాయంత్రం ఆటలు, రోల్ కాల్, భోజనం, నిద్ర. గార్డు డ్యూటీ రాత్రిపూట విడతలుగా పడుతుంది కాబట్టి పగలు పడుకునే రోజులూ ఉంటాయి. ఇవన్నీ పోగా మనిషికి తనదంటూ మిగిలేది రోజుకు గంటన్నర, రెండు గంటలు. ఆ కాస్త సమయాన్ని ఏం చేసుకుంటాడన్న దాన్ని బట్టే ఇంటికి ఫోను చేసినప్పుడు అతని గొంతు ఎలా పలుకుతుందో తేలిపోతుంది. ముప్పై మంది కుర్రాళ్ళు నా కింద ఉన్నప్పుడు నేను దగ్గరుండి గమనించిన విషయమిది.

ఆ రెండు గంటలూ మంచం మీద పడుకుని ఫోను చూస్తూ గడిపినవాళ్ళు నాలుగైదు నెలలకే చిరాకు మనుషులయ్యారు. వాలీబాల్ ఆడినవాళ్ళు, మందిరంలో ఢోలక్ పట్టినవాళ్ళు, లంగరు (సైనికుల వంటశాల) వెనక పాదులు తవ్వినవాళ్ళు చివరిదాకా నిలకడగా ఉన్నారు. మా కంపెనీ వంటశాల వెనక నలుగురైదుగురం కలిసి తోటకూర, బెండ, మిరప వేశాం. రేషను ఐక్యరాజ్యసమితి పంపిస్తుంది. బియ్యం, పప్పు, కోడిమాంసం, డబ్బా పండ్లు అన్నీ ఉంటాయి, కడుపుకు లోటుండదు. నాలుకకు మాత్రం మన కారం, మన పులుపు కావాలి. జూబా బజారులో ఒకసారి ఎండిన ఎర్రటి పూల తొడిమలు గుట్టలుగా పోసి అమ్ముతుంటే ఏమిటని అడిగాను. కర్కదే అన్నారు. దాన్ని నీళ్ళలో మరిగించి చక్కెర వేసి తాగుతారు. అది మన ఎర్ర గోంగూర మొక్కే. వాళ్ళు ఆ కాయ మీది ఎర్రటి తొడిమలు వాడుకుంటారు, మనం ఆకు వాడుకుంటాం. ఆ రాత్రి నేను ఇంటికి చేసిన ఫోను అంతా గోంగూర గురించే సాగింది. నా భార్య అంత సంతోషంగా మాట్లాడి అప్పటికి చాలా రోజులైంది. మీ వారు ఫోను చేసినప్పుడు "ఎలా ఉన్నారు, తిన్నారా" అన్న దగ్గరే ఆగిపోకుండా ఇవాళ ఏం వండారు, ఆటలో ఎవరు గెలిచారు, పాదులో ఏం కాసింది అని అడగండి. డ్యూటీ సంగతులు ఆయన చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఆయన మనసారా మీతో పంచుకోగలిగింది ఈ చిన్న సంగతులే.

తీరిక వేళల్లో ప్రవర్తన గురించి మీరు సూటిగా అడగలేదు కానీ, ప్రశ్న వెనక ఆ బెంగ ఉన్నట్టు తోచింది. అలాంటి బెంగ పడటంలో తప్పేమీ లేదు. 2003లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం డబ్బు, ఆహారం, సహాయం వంటివేవీ ఇచ్చి లైంగిక సంబంధం పెట్టుకోకూడదు. పద్దెనిమిదేళ్ళలోపు వారితో ఏ పరిస్థితిలోనూ కూడదు, స్థానిక చట్టం ఏం చెప్పినా సరే. మన సైన్యం క్రమశిక్షణ దీనికంటే కఠినం. ఒంటరిగా ఊళ్ళోకి వెళ్ళడం, చీకటి పడ్డాక బయట ఉండటం కుదరవు. బయలుదేరే ముందు శిక్షణలో ఈ విషయాలన్నీ పదేపదే చెబుతారు. నేనూ మా కుర్రాళ్ళకు ప్రతి వారం చెప్పేవాణ్ణి, ఎందుకంటే మా స్థావరం పక్కనే ఉన్న శిబిరంలో తలదాచుకున్న వేలాది నిరాశ్రయులు మమ్మల్ని నమ్మి అక్కడికి వచ్చినవాళ్ళు.

డబ్బు విషయంలో ఊళ్ళో వినబడే మాటలు నమ్మకండి. ఐక్యరాజ్యసమితి దళ సభ్యుడి చేతికి నేరుగా ఇచ్చే దినసరి భత్యం రోజుకు 1.28 డాలర్లు. దానికి తోడు ప్రతి ఆరు నెలల కాలంలో పదిహేను రోజుల వరకు విశ్రాంతి సెలవు భత్యంగా రోజుకు 10.50 డాలర్లు ఉంటుంది. సైనికుల తరఫున పెద్ద మొత్తం చెల్లించే మాట నిజమే కానీ, అది ప్రభుత్వానికి వెళుతుంది. విదేశీ విధులకు మన ప్రభుత్వం ఇచ్చే భత్యం వేరు. అది ఎంత, ఎప్పుడు, ఏ ఖాతాలో పడుతుందో పటాలం కార్యాలయంలో ఆయన చేతనే అడిగించి రాయించుకోండి.

ఇక ఇంటితో మాటల సంగతి. పూర్వం మన సైనికులు ఇలాంటి విధుల్లో ఉన్నప్పుడు ఉత్తరమే ఆధారం. 1962లో కాంగోలోని మన దళం కోసం మన తపాలా బిళ్ళల మీదే ప్రత్యేకంగా ముద్ర వేసి పంపించారు, 1965లో గాజాలో ఉన్నవాళ్ళ కోసం నెహ్రూ గారి బిళ్ళ మీద అలాగే వేశారు. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. 2005లో నేను గోమాలో ఉన్నప్పుడు రీచార్జి కార్డు గీకి, ఆదివారం మా ఊరి ఎస్టీడీ బూతుకు ఫోను చేసేవాణ్ణి. నా భార్య పిల్లను చంకనేసుకుని గంట ముందు నుంచే అక్కడ కూర్చునేది. ఐదు నిమిషాలే మాట్లాడేవాళ్ళం, ఆ ఐదు నిమిషాలకు వారమంతా మాటలు కూడబెట్టుకునేవాళ్ళం. 2019 నాటికి వాట్సాప్ వచ్చింది, ముఖాలు కనబడ్డాయి. దానితోపాటే నేను ఊహించని ఇబ్బంది ఒకటి వచ్చింది. వారానికి ఒకసారే ఫోను వచ్చే రోజుల్లో మధ్యలో ఆరు రోజుల మౌనం ఎవరినీ భయపెట్టలేదు. రోజుకు మూడుసార్లు మాట్లాడటం అలవాటయ్యాక ఒక్క పూట ఫోను రాకపోతే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి.

అందువల్ల నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది. ఆయన బయలుదేరే లోపల మీరిద్దరూ కూర్చుని, ఫోను ఎప్పుడు చేయాలన్నది మాత్రమే కాక, ఫోను రాకపోతే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది కూడా మాట్లాడుకోండి. ఆ దేశంలో దళాలు రోజుల తరబడి స్థావరం వదిలి దూర గస్తీకి వెళతాయి, అక్కడ సిగ్నలు ఉండదు. పెద్ద వాన కురిస్తే ఉపగ్రహం ద్వారా వచ్చే ఇంటర్నెట్ బలహీనపడుతుంది. ఒకే డిష్ మీద వందమంది ఒక్కసారి వీడియో కాల్ చేస్తే ఎవరికీ బొమ్మ కదలదు. కొన్నిసార్లు ఆ దేశ ప్రభుత్వమే ఆపేస్తుంది. 2025 జనవరిలో అక్కడ ఫేస్‌బుక్, టిక్‌టాక్‌లను కొన్ని రోజులు నిలిపివేశారు. అల్లర్లు జరిగినప్పుడు కమాండరే స్థావరమంతటా ఫోన్లు ఆపించవచ్చు. ఇలా మౌనానికి పది కారణాలుంటే అందులో తొమ్మిది ప్రమాదానికి సంబంధించినవి కావు. మా ఇంట్లో పెట్టుకున్న లెక్క ఏమిటంటే, నేను గస్తీకి వెళ్ళే ముందు "పొలం పని ఉంది" అని ఒక్క మాట పంపేవాణ్ణి. ఎక్కడికి, ఎన్ని రోజులకు అన్నది ఉండేది కాదు. ఆ మాట అందాక వారం వరకు ఎదురుచూడకూడదని నా భార్యకు తెలుసు. మాట పంపడానికే వీలు కాకపోతే నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజున రియర్ పార్టీకి, అంటే పటాలం వెళ్ళాక ఇక్కడే ఉండి దాని పనులు చూసుకునే బృందానికి, ఫోను చేయాలని అనుకున్నాం.

సమయం తేడా కూడా ముందే తెలుసుకుని ఉండండి. 2021 ఫిబ్రవరి 1 నుంచి దక్షిణ సూడాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటోంది. అక్కడ సాయంత్రం ఐదైతే మీకు రాత్రి ఎనిమిదిన్నర. ఆటలకూ రోల్ కాల్‌కూ మధ్య దొరికే ఆ సమయమే మీకూ అనువైనది, అప్పటికి బాబు భోజనం ముగించి మెలకువగా ఉంటాడు. ఆయన రాత్రి భోజనం చేసి తీరిగ్గా చేద్దామనుకుంటే మీ ఇంట్లో అర్ధరాత్రి కావస్తుంది. ఆ వేళకు మీరు నిద్రమత్తులో ఉంటారు, ఆయన ఒంటరితనంలో ఉంటారు, మాటలు పెడసరంగా మారతాయి. మేము చేసుకున్న అనవసరపు తగాదాలన్నీ ఆ వేళలోనివే. వారానికి రెండు రోజులు వీడియో, మిగిలిన రోజుల్లో గొంతు రికార్డు చేసి పంపించుకోవడం మంచిదని నా అభిప్రాయం. గొంతు సందేశం చిన్న ఫైలు కాబట్టి సిగ్నలు బలహీనంగా ఉన్నా, ఆలస్యంగానైనా చేరుతుంది. దాన్ని దాచుకుని మళ్ళీ వినవచ్చు. మీ అత్తగారి చేత కూడా మాట్లాడించి పంపండి. ఆవిడకు ఫోను పట్టుకోవడం రాకపోయినా, పక్కన కూర్చుని బటను నొక్కితే చాలు. కోళ్ళు, ఆవుదూడ, వీధిలో అరటిపళ్ళ కేక అన్నీ అందులో పడతాయి. మలకాల్ కంటైనరులో రాత్రి పదింటికి మా పెరట్లోని పంపు చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన ఊరట ఏ వీడియోలోనూ కలగలేదు.

కష్టాలు చెప్పాలా దాచాలా అన్న ప్రశ్నకు నా బతుకులో జరిగినదే చెబుతాను. 2005లో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. దూరంలో ఉన్నాడు, వింటే బెంగపడతాడని ఇంట్లోవాళ్ళు మూడు వారాలు నాకు చెప్పలేదు. ప్రతి ఆదివారం "అమ్మ పడుకుంది" అనేవాళ్ళు. చివరికి పక్క ఊరి జవాను ఒకడు, నాకు తెలుసనుకుని, "అమ్మకు ఇప్పుడెలా ఉంది అన్నా" అని లంగరు వరసలో అడిగాడు. పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అమ్మ తరువాత కోలుకుంది. నేను మాత్రం ఆ తరువాత మిగిలిన ఏడు నెలలూ "అంతా బాగానే ఉంది" అన్న మాటను ఒక్కసారి కూడా నమ్మలేకపోయాను. ఏం దాస్తున్నారో అని వాళ్ళ గొంతుల్లో వెతుక్కుంటూ గడిపాను. దాచినవాళ్ళు నా మంచి కోరే దాచారు, అయినా జరిగిన నష్టం అదే.

కాబట్టి పెద్ద విషయాలు దాచకండి. చెప్పే పద్ధతి మాత్రం చూసుకోవాలి. రాత్రి గార్డుకు వెళ్ళబోయే మనిషికి, చేతిలో తుపాకీ పట్టుకోబోయే మనిషికి, ఫోనులో ఉన్నట్టుండి పిడుగులాంటి వార్త చెప్పకూడదు. ప్రాణాపాయం, మరణం వంటివి అయితే ముందు రియర్ పార్టీకి తెలియజేయండి. వాళ్ళు అక్కడి కంపెనీ కమాండరుకు చేరవేస్తారు, అక్కడ ఒక అధికారి లేదా సుబేదారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు, సెలవు ఇవ్వగలిగితే ఆ ఏర్పాటూ వెంటనే మొదలవుతుంది. నేను సుబేదారుగా ఉన్నప్పుడు ఇద్దరు కుర్రాళ్ళకు అలా చెప్పవలసి వచ్చింది. పక్కన మనిషి ఉండటం ఎంత ముఖ్యమో అప్పుడు చూశాను. జ్వరం, స్కూలు ఫీజు, పొలం గట్టు తగాదా లాంటివి మామూలుగానే చెప్పండి, కానీ చెప్పేటప్పుడు మీరు ఏం చేయబోతున్నారో కూడా కలిపి చెప్పండి. అంత దూరంలో ఉన్న మనిషికి తను ఏమీ చేయలేనన్న బాధే ఎక్కువ. మీరు మార్గం ఆలోచించారని తెలిస్తే ఆ బాధ సగం తగ్గుతుంది.

బాబు విషయంలో నాకు ఫలించిన ఉపాయం ఒకటుంది. మలకాల్‌కు వెళ్ళేటప్పటికి మా చిన్నమ్మాయి రెండో తరగతి. దాని తెలుగు వాచకానికి జిరాక్సు తీయించి పెట్టెలో పెట్టుకున్నాను. ఆరేళ్ళ పిల్లలు ఫోనులో తండ్రి ముఖం చూసి రెండు నిమిషాల్లో విసుగెత్తి ఆటకు పోతారు, అది మనసుకు కష్టంగా ఉంటుంది కానీ తప్పు వాళ్ళది కాదు. పుస్తకం ఉంటే చేయడానికి పని ఉంటుంది. అది ఇంట్లో ఒక పేరా చదివి పంపేది, నేను మలకాల్‌లో తరువాతి పేరా చదివి పంపేవాణ్ణి. వానల్లో పది రోజులు ఆగినా పేజీ ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలుసు. వాచకం పూర్తయ్యాక పెద్దబాలశిక్ష మొదలుపెట్టాం.

తిరిగి వచ్చే తేదీని బాబుకు చెప్పకండి. 2020లో మేము తిరిగి రావలసిన సమయానికి కరోనా వచ్చి, ఐక్యరాజ్యసమితి దళాల మార్పిడిని జూన్ 30 వరకు ఆపేసింది. ఆ తరువాత కూడా విమానాలు, క్వారంటైన్ అంటూ మా వంతు వెనక్కి జరుగుతూ పోయింది. నా భార్య అప్పటికే ఇంటికి సున్నం వేయించి, పిల్లలకు తేదీ చెప్పి, క్యాలెండరులో గీతలు కొట్టించింది. ఆ గీతలు దాటిపోతుంటే చిన్నది నాతో మాట్లాడటం మానేసింది. నేను అబద్ధమాడానని దానికి అనిపించింది. ఆయన ఢిల్లీలో దిగి తన నోటితో ఫోను చేసిన తరువాతే పిల్లవాడికి చెప్పండి.

టీవీ గురించి ఒక జాగ్రత్త. ఏదైనా దాడి జరిగితే కింద నడిచే అక్షరాల్లో "భారత సైనికులు" అన్న మాట మాత్రమే కనబడుతుంది, పేర్లుండవు. 2013 ఏప్రిల్‌లో ఆ దేశంలోని జోంగ్లేలో మన సైనికులు ఐదుగురు, అదే ఏడాది డిసెంబరులో అకోబోలో ఇద్దరు అమరులయ్యారు. ఆ రోజుల్లో అక్కడ ఉన్న ప్రతివాడి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. ప్రమాదం లేదని మీకు చెప్పడం అబద్ధమవుతుంది. అలాంటి వార్త ఏ కుటుంబానికైనా ముందుగా సైన్యం నుంచే అందాలి, టీవీ నుంచి కాదు. వార్త కనబడితే టీవీ ఆపి రియర్ పార్టీకి ఫోను చేయండి. ఆయన నంబరుకు ఇరవైసార్లు కొట్టకండి, అప్పటికి అక్కడ ఫోన్లు ఆపించి ఉండవచ్చు.

మీ వైపు నుంచి పాటించవలసిన గోప్యత కూడా ఉంది. 2020 జులైలో మన సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లను సిబ్బంది ఫోన్ల నుంచి తీసివేయించింది. ఆయన జాగ్రత్తగా ఉన్నా, మీరు మీ ఫోనులో వివరాలు బయటపెడితే ప్రయోజనం లేదు. ఐక్యరాజ్యసమితి నీలి టోపీ పెట్టుకున్న ఫోటో పంపితే ఇంట్లో దాచుకోండి, బంధువుల గ్రూపులో పెట్టవద్దు. తొంభై రోజుల సేవ తరువాత ఐక్యరాజ్యసమితి పతకం ఇస్తారు, ఆ పరేడు ఫోటో నలుగురికీ చూపించాలని ఎవరికైనా ఉంటుంది. అప్పుడు కూడా ఫలానా చోట, ఫలానా రోజున అన్న వివరాలు లేకుండా చూసుకోండి. యూనిట్ నుంచి మాట్లాడుతున్నామని చెప్పి ఓటీపీ అడిగేవాళ్ళు వస్తారు, ఏ యూనిట్ కార్యాలయమూ ఓటీపీ అడగదు.

ఆయన వెళ్ళేలోపు ఒక కాగితం మీద ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పూర్తి పేరు, కంపెనీ, రియర్ పార్టీ ఫోను నంబర్లు రెండు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నంబరు రాయించి బీరువా తలుపు లోపల అతికించండి. మీ పేరు, బాబు పేరు ఆయన సర్వీసు రికార్డులో పార్ట్-2 ఆర్డరు (కుటుంబ వివరాలు నమోదు చేసే సైనిక ఉత్తర్వు) ద్వారా సరిగ్గా ఎక్కాయో లేదో, స్పెల్లింగు ఆధార్‌తో కలుస్తుందో లేదో ఇప్పుడే చూడమనండి. అక్కడికి చేరాక ఒక్క అక్షరం దిద్దించాలన్నా నెలలు పడుతుంది. పెట్టెలో పెట్టడానికి నూనె కారే పచ్చళ్ళకంటే కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు మేలు. ఎంత బరువు అనుమతిస్తారో ముందు కనుక్కోండి.

చివరగా, స్టేషను సంగతి. బాబు ఏడుస్తాడని, తీసుకువెళ్ళవద్దని మీ అత్తగారు అంటున్నారని రాశారు. ఆవిడ మాటలో ప్రేమ ఉంది, అయినా తీసుకువెళ్ళండి. 2005లో మా పెద్దమ్మాయి నిద్రలో ఉండగానే నేను తెల్లవారుజామున ఇల్లు దాటాను. అది లేచి నన్ను వెతుక్కుంది, ఆ తరువాత ఏడాదిపాటు రాత్రిళ్ళు వాళ్ళమ్మ కొంగు పట్టుకునే పడుకుంది. రెండోసారి ఇద్దరు పిల్లలూ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడ్చారు, చెయ్యి ఊపారు, ఇంటికి వెళ్ళి అన్నం తిన్నారు.